ఆరు వేలు ఉన్నాయి, కంట్రోలర్ కొనాలా, మౌస్-కీబోర్డ్ కొనాలా?

కాజీపేట_జంక్షన్:

అన్నలూ, చాలా కాలంగా చదవడమే తప్ప ఏమీ రాయలేదు, ఈసారి అడగక తప్పట్లేదు. నా దగ్గర ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంది. కీబోర్డ్ దానిదే, మౌస్ ఏమో ఆఫీసుల్లో వాడే చిన్న వైర్‌లెస్‌ది. మొదటి జీతం వచ్చింది, ఇంటికి పంపగా ఆరు వేలు మిగిలాయి, అవి ఖర్చయ్యేలోపు ఒక మంచి వస్తువు కొనుక్కుందామని.

ఆడేవి చెప్తాను. రాత్రిళ్లు ఫ్రెండ్స్‌తో వాలరెంట్ అనే షూటింగ్ గేమ్. ఒక్కడినే ఉంటే కార్ల గేమ్ ఫోర్జా హొరైజన్ 5, జీటీఏ 5. సేల్‌లో క్రికెట్ 24 కొన్నాను కానీ బ్యాటింగ్ చేతకాక పక్కన పెట్టేశాను. ఎల్డెన్ రింగ్ మొదలుపెట్టి, మొదట్లోనే గుర్రం మీద తిరిగే ఆ ట్రీ సెంటినెల్ అనే శత్రువు దగ్గరే ఆగిపోయాను, తప్పు నాదా కీబోర్డ్‌దా కూడా అర్థం కావట్లేదు.

రూమ్మేట్ కంట్రోలర్ కొనమంటాడు, వాడికి సోఫాలో పడుకుని ఆడటం కావాలి. మా టీమ్‌లో ఒకడేమో కంట్రోలర్ పేరెత్తితేనే నవ్వుతాడు, అది పిల్లలదట. నాకు రెండు విషయాలు తెలియాలి. షూటింగ్ గేమ్‌లో కంట్రోలర్ పట్టుకుంటే నిజంగా వెనకబడతామా? ఆన్‌లైన్‌లో ఐదారు వందలకి కనిపించే యూఎస్‌బీ ప్యాడ్లు, అంటే చవక కంట్రోలర్లు, పనికొస్తాయా, లేక డబ్బు దండగా?


స్పైక్_పెట్టేశా:

తమ్ముడూ, లిస్టులో వాలరెంట్ ముందు రాశావు కాబట్టి ముందు దాని సంగతి. పీసీలో వాలరెంట్ కంట్రోలర్‌ని అసలు తీసుకోదు. 2024లో కన్సోళ్లకి వచ్చింది కదా అంటావేమో, ఆ ఆటగాళ్లు వేరు, పీసీ వాళ్లు వేరు, ఇద్దరినీ ఒకే మ్యాచ్‌లో కలపరు. ఎందుకు కలపరో కంపెనీకి తెలుసు, మనకీ తెలుసు. కాబట్టి నీ రాత్రిళ్ల వరకు చర్చే లేదు, మౌస్ కొను.

ఇక ఏ మౌస్ అనే దానికంటే దానికి చోటు ఉందా అనేది ముఖ్యం. చాలామంది 800 డీపీఐ (మౌస్ అంగుళం జరిగితే పంపే లెక్క) పెట్టి గేమ్‌లో సెన్సిటివిటీ 0.3 దగ్గర ఆడతారు. లెక్క వేసి చూడు, ఆ సెట్టింగ్‌లో ఒక పూర్తి చుట్టు తిరగాలంటే మౌస్ సుమారు 54 సెంటీమీటర్లు జరగాలి. అంటే వెనక్కి తిరిగి చూడాలన్నా 27 సెంటీమీటర్లు. నీ ల్యాప్‌టాప్ పక్కన నోట్‌బుక్ అంత చోటు ఉంటే ఎక్కడ జరుపుతావు? అందుకే అందరూ సెన్సిటివిటీ పెంచేసి మణికట్టుతో ఆడతారు, గురి వణుకుతుంది, తర్వాత మౌస్‌ని తిడతారు. ముందు టేబుల్ ఖాళీ చెయ్యి, పెద్ద గుడ్డ మౌస్‌ప్యాడ్ ఒకటి వెయ్యి, మోచేయి ఆనేలా కూర్చో. మౌస్‌ప్యాడ్‌కి ఐదు వందలు, వైరున్న మంచి గేమింగ్ మౌస్‌కి పదమూడు పద్నాలుగు వందలు. అంతకు మించి ఇప్పుడే అక్కర్లేదు. ఇరవై వేల డీపీఐ అని డబ్బా మీద రాసేది ఎవరూ వాడని అంకె.

ఇంకొకటి, విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" టిక్ తీసెయ్. అది ఉంటే మౌస్‌ని వేగంగా లాగినప్పుడు ఒకలా, మెల్లగా లాగినప్పుడు ఇంకోలా తిరుగుతుంది. దూరం ఒకటే అయినా ఫలితం మారుతుంటే చేతికి అలవాటు ఎలా పడుతుంది? కొన్ని గేమ్‌లు దాన్ని పట్టించుకోకుండా మౌస్‌నే నేరుగా చదువుతాయి, కానీ అన్నీ కాదు.

కీబోర్డ్ విషయానికి ల్యాప్‌టాప్‌దే కొన్నాళ్లు వాడుకో, ప్రాణం పోదు. రాపిడ్ ట్రిగ్గర్ (వేలు కాస్త ఎత్తగానే మీట వదిలినట్టు లెక్కేసేది), స్నాప్ ట్యాప్ అని వీడియోలు చూసి ఆవేశపడకు. స్నాప్ ట్యాప్ అంటే ఎడమ మీట వదలకముందే కుడి మీట నొక్కినా, ఆఖరిగా నొక్కిన దాన్నే కీబోర్డ్ లెక్కలోకి తీసుకోవడం. కౌంటర్ స్ట్రైక్‌లో పరుగు ఆపి తుపాకీ నిలకడగా కాల్చాలంటే ఎదురు మీట సరైన క్షణంలో తట్టాలి, జనం ఏళ్ల తరబడి సాధన చేసేది దాని కోసమే. ఆ పని కీబోర్డే చేసి పెడుతోందని ఆ గేమ్ కంపెనీ వాల్వ్ 2024 ఆగస్టులో తన సర్వర్లలో అలాంటివి వద్దంది, పట్టుబడితే మ్యాచ్ నుంచి గెంటేస్తుంది. పదిహేను వేలు పెట్టి కొని ఆ సదుపాయం ఆఫ్ చేసుకుని ఆడాలన్నమాట.


క్లచ్_లేని_కారు:

పై అన్న చెప్పింది వాలరెంట్‌కి నిజం, కానీ మిగతా నాలుగు గేమ్‌ల సంగతి గాలికి వదిలేశాడు.

ఫోర్జా తీసుకో. కీబోర్డ్‌లో మీటకి రెండే స్థితులు, నొక్కావా లేదా. యాక్సిలరేటర్ అంటే పూర్తిగా అడుగంటా తొక్కడమే, సగం అనే మాటే లేదు. కంట్రోలర్ వెనక ట్రిగ్గర్ ఎంత నొక్కావో 0 నుంచి 255 వరకు అంకెగా గేమ్‌కి వెళ్తుంది. ఈ తేడా ఎండలో, నేరుగా ఉన్న రోడ్డు మీద తెలియదు. వానలో వెనక చక్రాలతో నడిచే కారు ఒకటి తీసుకుని మలుపు నుంచి బయటికి రా, అప్పుడు తెలుస్తుంది. కీబోర్డ్‌తో అయితే డబ్ల్యూ నొక్కగానే చక్రాలు గిర్రున తిరుగుతాయి, కారు తోక తిప్పుతుంది, వదిలితే వేగం చస్తుంది, మళ్లీ నొక్కితే మళ్లీ తోక. జనం ఏం చేస్తారంటే మీటని టకటకా తడుతూ సగం యాక్సిలరేటర్ లాంటిది తయారు చేసుకుంటారు. ప్యాడ్‌తో అయితే చూపుడు వేలిని మూడో వంతు దాకా నొక్కి అక్కడే పట్టి, కారు నిటారుగా అవుతున్న కొద్దీ మెల్లగా పూర్తిగా దించుతావు. టైరు పట్టు తప్పబోతుంటే ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో ఆ ట్రిగ్గరే వేలి కింద అదురుతుంది, స్క్రీన్ మీద కారు జారడం కనిపించే లోపే వేలు వెనక్కి వస్తుంది. 2013లో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ ప్యాడ్ నుంచీ ట్రిగ్గర్లలో విడి మోటార్లు పెడుతున్నారు, పీసీలో అన్ని గేమ్‌లూ వాడుకోవు కానీ ఫోర్జా వాడుకుంటుంది.

స్టీరింగ్ కూడా అంతే. కీబోర్డ్ వాళ్ల కోసం గేమ్ లోపల ఒక సర్దుబాటు ఉంటుంది, నువ్వు ఎడమ మీట నొక్కితే స్టీరింగ్‌ని ఒక్కసారిగా కొట్టకుండా మెల్లగా తిప్పుతుంది. అంటే సగం డ్రైవింగ్ గేమే చేస్తోంది. బాగానే నడుస్తుంది, సరదాకి చాలు, కానీ నువ్వు నడుపుతున్నట్టు ఉండదు.

జీటీఏ 5లో మాత్రం రెండూ పక్కపక్కన పెట్టుకో. ఆ గేమ్‌లో మంచి విషయం, ప్యాడ్ ముట్టుకుంటే ప్యాడ్ బటన్లు చూపిస్తుంది, మౌస్ కదిపితే వెంటనే కీబోర్డ్‌కి మారుతుంది, సెట్టింగ్స్‌లోకి పోనక్కర్లేదు. నేను కారు, హెలికాప్టర్ ప్యాడ్‌తో నడిపి, దిగగానే మౌస్ అందుకుంటాను. చూసేవాళ్లకి పిచ్చిగా కనిపిస్తుంది, పర్లేదు.

పాత జీటీఏ వైస్ సిటీలో ఆ బొమ్మ హెలికాప్టర్‌తో కట్టడంలో బాంబులు పెట్టే మిషన్ గుర్తున్నవాళ్లు చేతులెత్తండి. పీసీలో ఎడమ చెయ్యి అక్షరాల మీద, కుడి చెయ్యి నంప్యాడ్ మీద పెట్టి దాన్ని ఎగరేయాలి, నంప్యాడ్ లేని ల్యాప్‌టాప్ వాడి గతి ఇక చెప్పక్కర్లేదు. అదే మిషన్ బొటనవేళ్లతో తిప్పే రెండు స్టిక్కుల ప్యాడ్‌తో ఆడినవాళ్లకి అంత గొడవ ఎందుకైందో అర్థం కాదు. ఒక తరం మొత్తం ఆ మిషన్‌ని తిట్టింది, అసలు తిట్టాల్సింది మీటల్ని.


కాజీపేట_జంక్షన్:

ఇద్దరికీ థ్యాంక్స్ అన్నా. ఒక చిన్న డౌట్. షూటింగ్‌కి మౌసే అయితే అపెక్స్ లెజెండ్స్‌లో, కాల్ ఆఫ్ డ్యూటీలో పెద్ద పెద్ద ఆటగాళ్లు కంట్రోలర్‌తో ఎందుకు ఆడుతున్నారు? స్ట్రీమ్‌లలో చూస్తుంటే మౌస్ వాళ్లే ఏడుస్తున్నారు.


స్పైక్_పెట్టేశా:

ఎయిమ్ అసిస్ట్. అంతే. గేమ్ వాళ్ల బదులు గురిపెడుతుంది.


సగం_ఇంజనీర్:

అంతే అంటే అంత కాదు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

మౌస్‌కీ స్టిక్కుకీ ఉన్న తేడా మొత్తం ఒక చోట ఉంది. మౌస్ ఎంత దూరం జరిపితే చూపు అంత కోణం తిరుగుతుంది, చెయ్యి ఆగితే చూపు ఆగుతుంది. స్టిక్ ఎంత వంచితే చూపు అంత వేగంగా తిరుగుతుంది, పట్టుకున్నంత సేపూ తిరుగుతూనే ఉంటుంది. మౌస్‌తో ఎక్కడికి పోవాలో చెప్తావు, స్టిక్‌తో ఎంత వేగంగా పోవాలో చెప్పి సరైన క్షణంలో ఆపుతావు. శత్రువు కుడివైపు 40 డిగ్రీల్లో ఉన్నాడనుకోండి, మౌస్ పట్టినవాడి చేతికి ఆ 40 డిగ్రీలంటే ఎన్ని సెంటీమీటర్లో తెలుసు, ఒక్క విసురు. స్టిక్ పట్టినవాడు వంచి, కాలం లెక్కగట్టి, మధ్యకి తేవాలి, సరిగ్గా తేకపోతే దాటిపోయి వెనక్కి రావాలి. పైగా స్టిక్ అటు చివర నుంచి ఇటు చివరకి బొటనవేలు కదిలేది రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. మౌస్‌కి టేబులంతా ఉంది.

కాబట్టి ఏ సాయమూ లేకుండా గురిలో పోటీ పెడితే మౌస్‌దే గెలుపు, దీని మీద వాదన అనవసరం. అందుకే స్టిక్కుల కోసం తయారైన షూటింగ్ గేమ్‌లు మొదటి నుంచీ సాయం పెట్టుకునే వచ్చాయి. ఈ సాయం ఒక రకం కాదు. ఒకటి, గురి శత్రువు మీదికి రాగానే తిరిగే వేగం తగ్గించడం, దాటిపోకుండా. రెండోది, నువ్వో వాడో పక్కకి నడుస్తుంటే గేమే చూపుని కాస్త వాడి వెంట తిప్పడం. గొడవంతా ఈ రెండోదాని గురించే. దగ్గర నుంచి కాల్చుకునేటప్పుడు వాడు ఠక్కున దిశ మార్చాడనుకోండి, మౌస్ వాడి కన్ను చూసి, బుర్రకి చేరి, చెయ్యి కదలాలి, దీనికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. తిప్పే సాయం అయితే అదే ఫ్రేమ్‌లో తిరుగుతుంది. అపెక్స్‌లో దగ్గరి పోరాటాలు ఎక్కువ, ఒక్క బుల్లెట్‌కి చావరు, గురిని కాసేపు మనిషి మీద నిలపాలి. అలాంటి గేమ్‌లో ఈ సాయం విలువ బాగా ఎక్కువ. కౌంటర్ స్ట్రైక్‌లోనో వాలరెంట్‌లోనో ఒక తల, ఒక బుల్లెట్, అయిపోయింది. అక్కడ వెంట తిరిగే పనే తక్కువ. గేమ్ ఎలా చంపుతుందో చూసి చెప్పొచ్చు ఏ పరికరానికి మొగ్గు ఉంటుందో.

ఇంకోవైపు కూడా చూడండి. అపెక్స్‌లో చనిపోయినవాళ్ల పెట్టెల్లోంచి సామాన్లు తీసుకోవడం, గోడ ఎక్కుతూ దిశ మార్చడం, ఇవన్నీ కీబోర్డ్ వాళ్లకి తేలిక. ప్యాడ్ వాడి కుడి బొటనవేలు ఒకటే, అది స్టిక్ మీద ఉంటే బటన్ మీద ఉండదు, బటన్ మీద ఉంటే చూపు తిప్పలేదు. వెనక అదనపు మీటలున్న ప్యాడ్లు అంత ధర పలికేది ఆ ఒక్క ఇబ్బంది కోసమే.

మరో దారి ఉంది, మన దగ్గర ఎవరూ పెద్దగా వాడరు. జైరో. ప్యాడ్‌ని చేతుల్లో కాస్త వంచితే గురి కదులుతుంది. దూరం ప్రకారం తిరుగుతుంది కాబట్టి స్వభావంలో అది మౌస్ లాంటిదే. 2015లో స్ప్లాటూన్ ఆడినవాళ్లకి అలవాటే. ప్లేస్టేషన్ ప్యాడ్‌లో జైరో ఉంది, ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో లేదు. గేమ్‌లు కొనే స్టీమ్ యాప్ సెట్టింగ్స్‌లో దాన్ని మౌస్‌గా మార్చుకోవచ్చు. పెద్ద కదలిక స్టిక్‌తో, ఆఖరి చిన్న సవరణ జైరోతో. మొదటి వారం చిరాగ్గా ఉంటుంది.

ఇక కీబోర్డ్-మౌసే అనాదిగా ఉన్న పద్ధతి అనుకునేవాళ్లకి ఒక మాట. 1993లో డూమ్ వచ్చినప్పుడు చాలామంది బాణం మీటలతోనే తిరుగుతూ కాల్చేవాళ్లు. 1997లో థ్రెష్ అనే పేరుతో ఆడే డెనిస్ ఫాంగ్ క్వేక్ టోర్నమెంట్ గెలిచి, ఆ గేమ్ రాసిన జాన్ కార్మాక్ సొంత ఫెరారీ కారునే బహుమతిగా ఇంటికి పట్టుకెళ్లాడు. ఎడమ చెయ్యి అక్షరాల మీద, కుడి చెయ్యి మౌస్ మీద అనే పద్ధతి అతన్ని చూసి జనం పట్టుకున్నదే. మరుసటి ఏడాది హాఫ్-లైఫ్ వచ్చేసరికి డబ్ల్యూ-ఏ-ఎస్-డీ మీటలతో నడవడమే డిఫాల్ట్ అయిపోయింది.


స్పైక్_పెట్టేశా:

ఇంత రాసినా చివరికి గేమ్ సాయం చేస్తోందనే కదా అన్నా చెప్పింది.


సగం_ఇంజనీర్:

మౌస్ వాడికి సాయం టేబుల్ చేస్తోంది, ప్యాడ్ వాడికి ప్రోగ్రామ్ చేస్తోంది. ఎంత సాయం న్యాయం అన్నది కొట్లాట, సాయం ఉందా లేదా అన్నది కాదు.


పార్క్‌లేన్_బెంచ్:

సికింద్రాబాద్‌లో రిపేర్ పని చేస్తాను, రోజూ ఇవే చూస్తాను కాబట్టి ఐదారు వందల ప్యాడ్ గురించి నన్ను చెప్పనివ్వండి.

అవి రెండు రకాలు. ఒకటి పాత పద్ధతిలో పనిచేసేది. విండోస్ దాన్ని గుర్తుపడుతుంది, కానీ కొత్త గేమ్‌లు గుర్తుపట్టవు, ఎందుకంటే ఇప్పటి గేమ్‌లు ఎక్కువగా ఎక్స్‌ఇన్‌పుట్ అనే పద్ధతిలో, ఎక్స్‌బాక్స్ ప్యాడ్ భాషలో మాట్లాడతాయి. "ప్యాడ్ చచ్చిపోయిందన్నా" అని తెచ్చేవాళ్లలో సగం మందిది ఇదే సమస్య, ప్యాడ్ బాగానే ఉంటుంది. కొన్నింటికి వెనక ఎక్స్, డీ అని చిన్న స్విచ్ ఉంటుంది, ఎక్స్ వైపు పెడితే పని అయిపోతుంది. స్విచ్ లేకపోతే మధ్య బటన్ ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుని చూడండి, లైట్లు మారితే మోడ్ మారినట్టే. అదీ లేకపోతే స్టీమ్ ద్వారా తిప్పించుకోవాలి, స్టీమ్‌లో లేని గేమ్‌కి ఇంకో సాఫ్ట్‌వేర్ పెట్టాలి, అదొక తలనొప్పి.

రెండో రకం, అన్నీ పనిచేస్తాయి కానీ ట్రిగ్గర్ ఉత్తి స్విచ్. ఎంత నొక్కినా ఒకటే. క్లచ్ లేని అన్న చెప్పిన 0 నుంచి 255 దాంట్లో ఉండదు, 0 ఉంటుంది లేదా 255 ఉంటుంది. కీబోర్డ్‌కీ దానికీ తేడా లేదు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, ట్రిగ్గర్ అనలాగా కాదా.

ఇప్పుడు ఖరీదైన వాటి సంగతి. ఐదారు వేలు పెట్టి కొన్నా స్టిక్ డ్రిఫ్ట్ వస్తుంది. స్టిక్ కింద చిన్న లోహపు డబ్బా, దాని రెండు పక్కల రెండు పచ్చటి మూతలు ఉంటాయి. మూత విప్పితే లోపల నల్లటి కార్బన్ పట్టీ, దాని మీద రాసుకుంటూ తిరిగే సన్నని ఇత్తడి రేకు. స్టిక్ కదిలినప్పుడల్లా ఆ రేకు పట్టీ మీద గీస్తుంది. కొన్నాళ్లకి పట్టీ మీద మధ్యలో చార కనిపిస్తుంది, ఎందుకంటే అందరి స్టిక్కూ ఎక్కువ సేపు ఉండేది మధ్యలోనే. అరిగిన పొడి కూడా అక్కడే పేరుకుంటుంది. ఇక వేలు తీసేసినా గేమ్‌లో మనిషి ఒక పక్కకి నడుస్తూ ఉంటాడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొట్టి అటూ ఇటూ తిప్పితే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ వస్తుంది. మార్చాలంటే ఒక్కో స్టిక్‌కి 14 కాళ్ల టంకం ఊడదీయాలి, బోర్డు కాలకుండా. యూట్యూబ్ చూసి ఇంట్లో ప్రయత్నించి, బోర్డు మీద రాగి గీత లేచిపోయాక తెస్తారు, అప్పుడు నేనూ ఏమీ చేయలేను.

హాల్ ఎఫెక్ట్ స్టిక్ అని ఇప్పుడు వస్తున్నాయి, అందులో రాపిడి లేదు. స్టిక్ కింద అయస్కాంతం, పక్కన దాన్ని పసిగట్టే సెన్సర్, రెండూ తగలవు, కాబట్టి పట్టీ అరగడం అనేదే లేదు. టీఎంఆర్ అన్నా దాదాపు అదే జాతి. వైరుతో పనిచేసేవి మూడు వేల లోపు దొరుకుతున్నాయి. పేరు పెద్దది కాకపోయినా వాటినే కొనమంటాను. స్ప్రింగ్ అయితే వీటిలోనూ వదులవుతుంది, అది వేరే సంగతి.

ఉన్న ప్యాడ్‌ని పరీక్షించాలంటే విండోస్ రన్‌లో జాయ్ డాట్ సీపీఎల్ అని కొట్టి, లిస్టులో ప్యాడ్‌ని ఎంచుకుని ప్రాపర్టీస్ నొక్కండి. ఒక చదరం, మధ్యలో ప్లస్ గుర్తు వస్తుంది. స్టిక్ చుట్టూ తిప్పి వదిలేయండి. ప్లస్ ప్రతిసారీ ఒకే చోటికి వస్తే మంచిది. వదిలినప్పుడల్లా వేరే చోట ఆగితే, వణుకుతూ ఉంటే, అరుగుడు మొదలైంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఈ పని షాపులోనే చేయండి, అమ్మేవాడు మొహం మాడ్చుకున్నా సరే.


ముస్తఫా_రెండో_ప్లేయర్:

అందరూ ల్యాప్‌టాప్ కీబోర్డ్ చాలు అంటున్నారు, నేను ఒప్పుకోను.

నెట్ సెంటర్లో ముస్తఫా ఆడినవాళ్లకి ఇది తెలుసు. అదేనండీ, 1993లో కాప్‌కామ్ చేసిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, మన ఊళ్లలో దాన్ని ఆ పేరుతో అడిగినవాడు లేడు. ఒకే కీబోర్డ్ మీద ఇద్దరం ఆడేవాళ్లం. మొదటివాడు రెండు మీటలు నొక్కి పట్టుకుంటే రెండోవాడి తన్ను పడేది కాదు, వాడు చచ్చేవాడు, బయటికి వచ్చి కొట్టుకునేవాళ్లం. ఎవడూ మోసం చేయలేదు. చవక కీబోర్డ్‌లో మీటలన్నీ అడ్డం నిలువు తీగల వల మీద ఉంటాయి, కొన్ని మూడు మీటల కలయికల్లో ఏది నొక్కారో దానికి తేల్చుకోవడం రాదు, అందుకని మూడోదాన్ని మింగేస్తుంది. పై బాణం, ఎడమ బాణం, స్పేస్ కలిపి నొక్కి చూడండి, చాలా పాత కీబోర్డ్‌లలో మూడోది పడదు. ల్యాప్‌టాప్‌లలోనూ కొన్నింటికి ఇదే జబ్బు. పరిగెడుతూ, వంగుతూ, బాంబు విసరాల్సిన చోట వేలు నొక్కినా పని జరగదు, నువ్వేమో నీ చేతకానితనం అనుకుంటావు. కాబట్టి నీ ల్యాప్‌టాప్ ఎన్ని మీటలు ఒకేసారి తీసుకుంటుందో ముందు చూసుకో, తీసుకోకపోతే మౌస్ కంటే ముందు రెండు వేల మెకానికల్ కీబోర్డే కొను.

ఇక క్రికెట్. ఈఏ క్రికెట్ 07ని మనమంతా కీబోర్డ్‌తోనే ఆడాం, ఇప్పటికీ ఐపీఎల్ ప్యాచ్‌లు వేసుకుని ఆడేవాళ్లున్నారు. దిశకి బాణాలు, షాట్‌కి ఒక అక్షరం, టైమింగ్ కుదిరితే సిక్సు. ఎనిమిది దిక్కులు చాలిన ఆట అది. క్రికెట్ 24 చేసిన బిగ్ యాంట్ వాళ్ల పద్ధతి వేరు. ఒక స్టిక్‌తో కాలు ముందుకో వెనక్కో, ఇంకో స్టిక్‌తో షాట్ ఎటు కొట్టాలో. కవర్‌కీ ఎక్స్‌ట్రా కవర్‌కీ మధ్య సందు చూసి కొట్టాలంటే వేలు ఆ కోణంలో పోవాలి. కీబోర్డ్‌తో ఆ కోణం లేనే లేదు, నువ్వు కొట్టిన ప్రతిదీ ఫీల్డర్ చేతికే పోతుంది. తమ్ముడూ, ఆ గేమ్‌ని పక్కన పెట్టింది బ్యాటింగ్ రాక కాదు.

ఫైటింగ్ గేమ్‌లు లిస్టులో లేవు కానీ చెప్తాను, అక్కడ మాత్రం కీబోర్డ్‌ని తక్కువ చేయకండి. టెక్కెన్‌లో అడుగు వెనక్కి, వెనక్కి, కిందకి అని టకటకా కొట్టడానికి విడి మీటలే సుఖం. పెద్ద పోటీల్లో స్టిక్ లేకుండా ఉత్తి బటన్లే ఉన్న పెట్టెలతో ఆడేవాళ్లు ఇప్పుడు మామూలైపోయారు, అది కీబోర్డ్‌కి తమ్ముడే.


గచ్చిబౌలి_నైట్_షిఫ్ట్:

ఒక్క విషయం ఎవరూ అనలేదు. ఉద్యోగం సాఫ్ట్‌వేరే అయితే పొద్దంతా మౌస్, మళ్లీ రాత్రి నాలుగు గంటలు మౌస్. నాకు కుడి మణికట్టు, చిటికెన వేలు వైపు లాగడం మొదలైంది, డాక్టర్ ముందు అడిగిందే ఎన్ని గంటలు మౌస్ పడతావని. ఇప్పుడు ఇంట్లో ఒంటరిగా ఆడే గేమ్‌లన్నీ ప్యాడ్ మీదే, చేతులు ఒళ్లో పెట్టుకుని. ప్యాడ్‌తో బొటనవేళ్లకి నొప్పి వస్తుంది అనేవాళ్లూ ఉన్నారు, నిజమే, కానీ మార్చి మార్చి వాడితే ఏ ఒక్కదాని మీదా భారం పడదు. గురి ఎవరిది గొప్ప అని కొట్టుకునే ముందు చెయ్యి ఉండాలి కదా.

ఒక చెయ్యి సరిగా ఆడనివాళ్ల కోసం కూడా పరికరాలున్నాయి. ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ 2018లోనే వచ్చింది, వెనక వరసగా జాక్‌లు ఉంటాయి, ఒక్కోదానికి కాలితో తొక్కేదో, మోచేత్తో నొక్కేదో ఒక బటన్ తగిలించుకోవచ్చు. మన దగ్గర ధర ఎక్కువ, దొరకడం తక్కువ. కానీ దాని గురించి తెలియక ఆడటం మానేసినవాళ్లు ఉంటారని చెప్తున్నాను.


కాజీపేట_జంక్షన్:

అందరూ ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. బాణాలు, స్పేస్ కలిపి చూశాను, మూడూ పడుతున్నాయి, షిఫ్ట్, డబ్ల్యూ, స్పేస్ కూడా పడుతున్నాయి, కాబట్టి కీబోర్డ్ ఇప్పటికి వద్దు. గుడ్డ ప్యాడ్, పద్నాలుగు వందల లోపు మౌస్, మూడు వేల లోపు హాల్ ఎఫెక్ట్ ప్యాడ్, వైరుదే. అన్నీ కలిపి ఐదు వేల లోపు అవుతోంది. మిగిలింది రూమ్మేట్‌కి బిర్యానీ, లేకపోతే ప్యాడ్ వాడే ఎత్తుకుపోతాడు.

ఎల్డెన్ రింగ్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. ప్యాడ్ వస్తే ఆ గుర్రపువాడు చస్తాడా?


క్లచ్_లేని_కారు:

చావడు. వాడి దగ్గర ప్యాడ్‌తో చచ్చినవాళ్లు లెక్కలేనంత మంది. వాడిని పక్కకి తప్పించుకుని ముందుకి పో, గుర్రం దొరికాక, కాస్త బలం పెరిగాక వెనక్కి రా.


సగం_ఇంజనీర్:

అయినా ప్యాడ్‌తోనే ఆడు. ఆ కంపెనీ గేమ్‌లు ప్యాడ్‌ని మనసులో పెట్టుకుని చేసినవి. 2012లో వాళ్ల డార్క్ సోల్స్ పీసీకి వచ్చినప్పుడు కీబోర్డ్ పెట్టి ఆడినా స్క్రీన్ మీద ఎక్స్‌బాక్స్ బటన్లే చూపించేది, ఏది నొక్కాలో ఊహించుకోవాలి. ఇప్పుడు అంత అన్యాయం లేదు కానీ కత్తిని రెండు చేతులతో పట్టాలంటే ఈ అక్షరం మీట పట్టుకుని మౌస్ క్లిక్ చేయడం లాంటివి ఇంకా ఉన్నాయి, గాబరాలో వేలికి అందవు. గురి పెట్టే పని ఎలాగూ తక్కువ, శత్రువు మీద లాక్ వేస్తే కెమెరా అదే చూసుకుంటుంది. నీకు కావాల్సింది వాడి చుట్టూ తిరగడం, ఎనిమిది దిక్కుల్లో కాదు, ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో, మెల్లగా కావాలంటే మెల్లగా.

ఒకటి గుర్తుపెట్టుకో, ఏ పరికరంతో ఆడినా సరే. దొర్లే బటనూ పరిగెత్తే బటనూ ఒకటే, అందుకని నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు దొర్లుతాడు. గట్టిగా నొక్కి పట్టుకుంటే పరుగే తీస్తాడు, ఈటె వీపులో దిగుతుంది. తట్టి వదిలెయ్.


పార్క్‌లేన్_బెంచ్:

ప్యాడ్ రాగానే డబ్బా పారేయకు, బిల్లు ఫోటో తీసి పెట్టుకో. మొదటి రోజే ఆ చదరంలో ప్లస్ చూడు, పక్కకి ఉంటే వెంటనే తిరిగి పంపించు. డెడ్ జోన్ (మధ్యలో స్టిక్ కాస్త కదిలినా గేమ్ పట్టించుకోని మేర) పెంచుకుని సర్దుకుపోదాంలే అనుకుంటే మార్చుకునే గడువు దాటిపోతుంది.